తొంభై ఆరు సొరుగులు

బొలోన్యాలో నవంబరు పొగమంచు
పోర్టికోల స్తంభాలదాకా వచ్చి ఆగిపోతుంది,
గడప దాటడానికి మొహమాటపడే చుట్టంలా.
లోపల, ఎప్పుడో మూతపడ్డ మందుల దుకాణంలో
ఫియోరెంజా వెంచూరోలి
కుంచెతో దుమ్ము ఏరుతోంది.

గోడంత బీరువా.
తొంభై ఆరు గూళ్లు, తొంభై ఆరు సొరుగులు.
పింగాణీ బిళ్లల మీద లాటిన్ పేర్లు
అరిగినా చదవొస్తున్నాయి:
రేవల్చిని, సునాముఖి, అతిమధురం, బోళం.
ఏ సొరుగులో ఏముండేదో తెలుసు.
ఏ సొరుగు ఏ గూటిదో తెలియదు.

బాంబులు పడ్డ ఏడు
ఎవరో వీటిని నేలమాళిగలోకి దించారు.
యుద్ధం చల్లారాక ఎవరో ఎక్కించారు.
దించినవాడూ ఎక్కించినవాడూ ఒకడు కాదు.
చేతికందింది కంటికానిన గూట్లో.
దుకాణం మళ్లీ తెరవలేదు.

మ్యూజియం వాళ్లది చిన్న ప్రశ్న:
మొదట ఎలా ఉండేవి?
ఫియోరెంజాది గణాంకశాస్త్రం,
మూలికల వాసన పడదు.
తుమ్ముతూనే ఒప్పుకుంది.

ఎంట్రోపీ అని ఒక లెక్క ఉంది.
ఎన్ని రకాలు, ఏది ఎంత, అంతే అడుగుతుంది.
సొరుగులన్నీ తారుమారు చేసినా
అదే జవాబు, దశాంశం కూడా కదలదు.
పెళ్లి భోజనాల్లో విస్తళ్లు లెక్కపెట్టి
వెళ్లిపోయే మనిషిలాంటిది.
ఏ ఇద్దరు పక్కపక్కన కూర్చున్నారో
ఏ ఇద్దరు కావాలనే దూరం జరిగారో
దానికి పట్టదు.

అందుకని ఆమె ఇంకో లెక్క తీసింది.
ఇది జతల్ని అడుగుతుంది,
ఈ రెండిటి మధ్య ఎన్ని బెత్తెలు అని.

సాయం దుమ్మే చేసింది.
యాభై ఏళ్లు లాగుతూ మూస్తుంటే
పై సొరుగు పగుళ్లలోంచి కిందిదాంట్లోకి
చిటికెడులో చిటికెడు రాలింది.
సోంపులో ఒక కుంకుమపువ్వు పోగు.
జెన్షియన్ వేరు మూలన దాల్చిన పొడి.
సింకోనా బెరడు అడుగున కాస్త బోళం.
గోడ కలిసిన ఇళ్లలో
ఒకరి తాలింపు ఇంకొకరికి తెలిసినట్టు.

ఇదే ఊళ్లో ఒకప్పుడు
పట్టపగలు, పెద్దల ఎదుట,
పాము మాంసంతో కలిపి
అరవైకి పైగా దినుసులు నూరేవారు.
థెరియాకా. అన్ని విషాలకూ ఒకటే విరుగుడన్నారు.
నూరాక దేని పక్కన ఏదుందని ఎవరినడుగుతాం?
రోలు అన్నీ మరిచిపోతుంది.
సొరుగు మరవదు.

అయిదు వారాలకు పటం తేలింది.
అక్షరక్రమం కాదు.
రోగాల వరుస అంతకన్నా కాదు.
రోజూ వాడేవన్నీ కింద, ఎడమవైపు,
ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ.
ఏడాదికోసారి అడిగేవి పైన, కుడి కొసన.
ఫియోరెంజా చాలాసేపు పటాన్నే చూసింది.
పొట్టి మనిషి.
ఎడమచేతివాటం.

గుమ్మం మీద రాతిలో చెక్కిన పేరు:
కల్లిస్తో బ్రగాల్యా, 1891.
గోడ మీది ఫోటోలో ఆయన
దూలానికి తల తగిలేంత పొడుగు,
కుడిచేతిలో కలం.
వెనక, అంచున, ఎవరిదో మోచేయి మసగ్గా.
ఫోటోవాడు కదలొద్దన్నా
పని ఆపని చేయి.

లైసెన్సులో ఆయన పేరు.
చీటీల కింద ఆయన సంతకం.
పాత బిల్లుల కట్టలో మాత్రం
ఒక వడ్రంగి రాసుకున్నాడు:
"ఇసోట్టమ్మగారికి పీట ఒకటి. ఎత్తు రెండు జానలు.
మళ్లీ."

ఆ "మళ్లీ" దగ్గర ఫియోరెంజా నవ్వింది.
మొదటి పీట అరిగిపోయిందన్నమాట.

నివేదికలో ఒక సంఖ్య, ఒక పట్టిక.
పీటకు అందులో గడి లేదు.

ఒక్క సొరుగు మిగిలింది.
ఎవరి పొడీ లేదు అందులో,
చెక్కకు సబ్బు వాసన.
ఎందుకు కడిగారో, ఎవరు కడిగారో.
ఖాళీగా ఉన్న గూట్లో దాన్ని తోసి
దీపం ఆర్పింది.

చీకట్లో, వెళ్లబోతూ,
మోకాళ్లు వంచి తన ఎత్తు తగ్గించుకుని
అలవాటులేని ఎడమచేయి చాచింది.
పోపుల పెట్టె ముందు ఏ ఇల్లాలూ
చూసి తీయదు కదా.
వేళ్లకు తగిలింది లాగింది.
చామంతి.
తుమ్మొచ్చింది.